బ్రౌజర్ మొరాయిస్తే తప్పెవరిది?

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు అడిగే ప్రశ్నల్లో అన్నిటికంటే కంగారుగా వచ్చేది ఒకటుంది: “అప్‌డేట్ అయింది. తెరిచి చూస్తే బుక్‌మార్కులన్నీ మాయం!” ఏళ్లుగా పోగేసుకున్న లింకులు, దాచుకున్న పాస్‌వర్డులు, తీరిగ్గా చదువుదామని తెరిచి పెట్టుకున్న ట్యాబులు ఏవీ కనిపించవు. దీనికి పక్కవాళ్లు చెప్పే వైద్యం ఎప్పుడూ ఒక్కటే: “తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి.” బ్రౌజర్ నెమ్మదించినా, సైటు తెరుచుకోకపోయినా, వీడియో ఆగి ఆగి నడిచినా అదే మాట. ఇంతగా ప్రచారమై ఇంత తక్కువగా పనిచేసే సలహా ఇంకొకటి దొరకడం కష్టం.

కారణం ఏమంటే, బ్రౌజర్ అని అందరూ పిలిచేది నిజానికి రెండు వేర్వేరు సరుకులు. ఒకటి ప్రోగ్రామ్. రెండోది ప్రొఫైల్, అంటే వాడేవాళ్ల సొంత సామానంతా ఉండే ఫోల్డర్. బుక్‌మార్కులు, చూసిన పేజీల చరిత్ర ఒకే డేటాబేస్ ఫైలులో ఉంటాయి. పాస్‌వర్డులు గుప్తలిపిలో మరో ఫైలులో, వాటిని విప్పే కీ ఇంకో ఫైలులో ఉంటాయి. మామూలుగా ప్రోగ్రామ్‌ను తీసేసినా ఈ ఫోల్డర్ జోలికి ఎవరూ పోరు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే కొత్త ప్రోగ్రామ్ పాత ప్రొఫైల్‌నే పట్టుకుంటుంది. జబ్బు ప్రొఫైల్‌లో ఉంటే అది మళ్లీ మొదటికే వస్తుంది.

బుక్‌మార్కుల మాయకు మూలం చాలామంది విషయంలో 2019 మే నెలలో ఉంది. అప్పుడు వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ కేటాయించడం మొదలైంది. ఒకే కంప్యూటర్‌లో మామూలు వెర్షన్, బీటా, నైట్లీ అనే పరీక్షా వెర్షన్లు పక్కపక్కన నడిపేవాళ్ల డేటా కలగాపులగమై పాడవకుండా చేసిన ఏర్పాటది. ఉద్దేశం మంచిదే. కానీ బ్రౌజర్‌ను వేరే ఫోల్డర్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్న సామాన్యుడికి కనిపించింది ఖాళీ బ్రౌజర్. డేటా పోలేదు, పక్క గదిలో ఉంది, అంతే. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో అబౌట్ అని, కోలన్ పెట్టి, ప్రొఫైల్స్ అని టైప్ చేస్తే ఉన్న ప్రొఫైళ్లన్నీ వరసగా వస్తాయి. పాతదాన్ని ఎంచుకుని తెరిస్తే సామానంతా యథాస్థానంలో ఉంటుంది. ఒకవేళ బుక్‌మార్కులు నిజంగానే చెరిగిపోయినా, ఫైర్‌ఫాక్స్ తనంతట తానే తేదీల వారీగా 15 వరకు బ్యాకప్ కాపీలు దాచి ఉంచుతుంది. బుక్‌మార్కుల నిర్వహణ విండోలో “రిస్టోర్” కింద అవి దొరుకుతాయి. ఈ రెండు సంగతులూ తెలియక బ్రౌజర్‌నే వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు.

ప్రొఫైలే పాడైందని తేలితే దానికి వేరే మందుంది: రిఫ్రెష్. సహాయం మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీలో ఆ బటన్ ఉంటుంది. బుక్‌మార్కులను, పాస్‌వర్డులను కొత్త ప్రొఫైల్‌లోకి మార్చి, ఎక్స్‌టెన్షన్లను, మార్చుకున్న సెట్టింగులను తీసేస్తుంది. పాత ప్రొఫైల్‌ను పారేయకుండా డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. అంతా సవ్యంగా ఉందని నిర్ధారించుకునే దాకా ఆ ఫోల్డర్‌ను డిలీట్ చేయకూడదు.

బుక్‌మార్కుల తర్వాత పెద్దపీట మెమరీ ఫిర్యాదుది. ఇది ఫైర్‌ఫాక్స్‌తో పాటే పెరిగింది. 2004 నవంబరు 9న 1.0 వెర్షన్ వచ్చిన తర్వాత తొలి ఏళ్లలో ఈ నింద చాలావరకు న్యాయమైనదే. ట్యాబు మూసేసినా మెమరీ తిరిగి రాకపోవడం, రోజంతా నడిస్తే కంప్యూటర్ చతికిలబడటం వాస్తవాలు. 2011లో ఫైర్‌ఫాక్స్ తయారీ సంస్థ మొజిల్లా ఇంజనీర్లు మెమ్‌ష్రింక్ పేరుతో ప్రత్యేకంగా నడుం కట్టి ఆ లీకులను ఒక్కొక్కటిగా పూడ్చారు. ఇప్పటి ఫిర్యాదు మాత్రం వేరే జాతిది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఫైర్‌ఫాక్స్ పేరు పది పదిహేను సార్లు కనిపిస్తుంది. చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు.

అది వైరస్ కాదు. 2016లో వచ్చిన 48వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ పనిని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడదీయడం మొదలుపెట్టింది. ఒక పేజీ కుప్పకూలితే బ్రౌజర్ మొత్తం కూలకూడదన్నది అప్పటి ఆలోచన. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక లెక్క మారింది. ఒకే ప్రాసెస్‌లో రెండు సైట్లు ఉంటే ఒకటి రెండోదాని రహస్యాలు చదివే అవకాశం ఉందని తేలింది. దాంతో క్రోమ్ ఆ ఏడాదే ఒక్కో సైటును ఒక్కో ప్రాసెస్‌లో బంధించింది. ఫైర్‌ఫాక్స్ 2021 చివరికి ఆ పని పూర్తిచేసింది. బ్యాంకు సైటు ఒక ట్యాబులో, ఊరూపేరూ లేని సినిమా సైటు మరో ట్యాబులో తెరిచి ఉంచేవాళ్లకు ఇది కావలసిన రక్షణే. దానికి చెల్లించే ధర మెమరీ. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆ ధర భారంగానే ఉంటుంది. దాన్ని కాదనే వాళ్లు బహుశా అలాంటి ల్యాప్‌టాప్ వాడి ఉండరు.

అయితే ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. అబౌట్ పక్కన కోలన్ పెట్టి ప్రాసెసెస్ అని కొడితే ఏ సైటు ఎంత మెమరీ తింటోందో, ఏది ప్రాసెసర్‌ను పీల్చేస్తోందో లెక్క వస్తుంది. దోషి ట్యాబును అక్కడికక్కడే మూసేయొచ్చు. దోషి ఎక్స్‌టెన్షనేమో అని అనుమానం ఉంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని బ్రౌజర్ తెరవాలి. ట్రబుల్‌షూట్ మోడ్‌లో వస్తుంది. ఇందులో ఎక్స్‌టెన్షన్లు, థీమ్‌లు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తాత్కాలికంగా ఆగిపోతాయి. సమస్య ఇక్కడ మాయమైతే నేరం ఆ మూడింటిలో ఒకదానిదే. కాష్ ఖాళీ చేయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కంటే ఈ ఒక్క పరీక్ష ఎన్నో రెట్లు మేలు.

భద్రతా హెచ్చరికల దగ్గర పరిస్థితి ఇంకా చిక్కు. “మీ కనెక్షన్ సురక్షితం కాదు” అని ఒకటి రెండు సైట్లకు వస్తే తప్పు సైటుది కావచ్చు. ప్రతి సైటుకూ వస్తే ముందు చూడాల్సింది తెర మూలన ఉన్న తేదీ. మదర్‌బోర్డు మీది నాణెం సైజు బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టని తేదీ కాబట్టి బ్రౌజర్ వాటిని నమ్మదు. ఆ చిన్న బ్యాటరీ మార్చకుండా బ్రౌజర్‌ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. తేదీ సరిగ్గానే ఉంటే తర్వాతి అనుమానం యాంటీవైరస్ మీద. మధ్యలో దూరి ప్రతి సురక్షిత కనెక్షన్‌నూ తెరిచి చూసే సదుపాయం కొన్నిటిలో ఉంటుంది. ఆ దళారీని ఫైర్‌ఫాక్స్ గుర్తుపట్టక ఆపేస్తుంది.

“క్రోమ్‌లో తెరుచుకుంటోంది, ఇందులో ఎందుకు రాదు?” అన్నది దీనికి తోబుట్టువు. ఫైర్‌ఫాక్స్‌కు నమ్మదగిన సర్టిఫికెట్ సంస్థల జాబితా సొంతంగా ఉంది. ఆ పట్టుదల ఒకసారి భారతీయులకే పనికొచ్చింది. 2014 జులైలో మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ చేతిలోని సర్టిఫికెట్ అధికారం నుంచి గూగుల్ సైట్ల పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్టు గూగుల్ కనిపెట్టింది. విండోస్ నమ్మే జాబితాలో భారత ప్రభుత్వ రూట్ సర్టిఫికెట్ ఉండటంతో, ఆ జాబితా మీద ఆధారపడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, క్రోమ్ కూడా ఆ అధికారాన్ని నమ్మే స్థితిలో ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ జాబితాలో అది లేదు కనుక దానికి ఆ బెడద తగల్లేదు. కాబట్టి ఇలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు “అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పో” అన్న సలహా కాలేజీ నోటీసు బోర్డు పేజీకి సరిపోతుందేమో గానీ, డబ్బు కట్టే పేజీకి ఎంతమాత్రం సరిపోదు.

ఇంతవరకూ తప్పు ఎక్కడెక్కడో ఉంది. తయారీదారు మెడకే నేరుగా చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి, అవి చిన్నవేం కావు.

2019 మే 4, భారత కాలమానం ప్రకారం ఉదయం అయిదున్నర. ఎక్స్‌టెన్షన్లు అసలైనవేనని ధ్రువీకరించే మొజిల్లా మధ్యస్థ సర్టిఫికెట్‌కు గడువు తీరిపోయింది. దాన్ని మార్చాలన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లను రోజుకోసారి తనిఖీ చేస్తుంది కనుక, తనిఖీ వంతు వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నీ ఆగిపోయాయి. ప్రకటనలు ఆపేవి, పాస్‌వర్డు మేనేజర్లు, అన్నీ. మొజిల్లా తొందర మందును ‘స్టడీస్’ అనే ప్రయోగాల మార్గంలో పంపింది. కానీ గోప్యత మీద పట్టింపుతో ఆ మార్గాన్ని మూసేసుకున్నవాళ్లకు అది అందలేదు. ఫైర్‌ఫాక్స్ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాళ్లే చివరిదాకా ఇబ్బంది పడ్డారన్నమాట. మందు కోసం డేటా మార్గం తెరిచినవాళ్ల వివరాలు తమ దగ్గర ఉంచుకోకుండా, ఆ కొద్దిరోజుల్లో పోగైన సమాచారాన్ని చెరిపేస్తామని మొజిల్లా ప్రకటించింది.

రెండోది 2022 జనవరి 13. ఆ రోజు ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ ఏ సైటునూ తెరవలేకపోయింది. వైఫై రౌటర్లు ఆపి వేసినవాళ్లు, నెట్ కంపెనీకి ఫోన్ చేసినవాళ్లు ఎందరో. అసలు సంగతి ఏమిటంటే, గూగుల్ క్లౌడ్ తన సర్వర్లలో కొత్త హెచ్‌టీటీపీ-3 పద్ధతిని మొదలుపెట్టింది. మొజిల్లా వినియోగ గణాంకాలు అందుకునే సర్వర్లు ఆ క్లౌడ్ మీదే ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఒక భాగం పంపిన హెడర్ పేరు చిన్న బడి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే, ఇంకో భాగం దాన్ని పెద్ద బడి అక్షరాలతో వెతికింది. దొరకలేదు. దాంతో నెట్‌వర్క్ పనంతా చూసే భాగం అంతులేని చక్రంలో పడి తిరగసాగింది. ఇంత పెద్ద స్తంభనకు మూలం అక్షరాల సైజు. అలాంటి రోజున “కాష్ ఖాళీ చేశారా?” అని అడగడం వాడేవాళ్లను అవమానించడమే.

ఇక “ఫోన్‌కు వైరస్ వచ్చింది, లాటరీ తగిలిందని మెసేజులు వస్తూనే ఉన్నాయి” అనే ఫిర్యాదు పెద్దవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువ. నూటికి తొంభై సందర్భాల్లో అని అంకె చెప్పలేం గానీ, ముందు అనుమానించాల్సింది నోటిఫికేషన్లను. ఏదో సైటు “అనుమతిస్తారా?” అని అడిగినప్పుడు, అడ్డుగా ఉన్న పెట్టె పోతే చాలని “అలౌ” నొక్కి ఉంటారు. ఈ పెట్టెలను జనం ఎంత విసుక్కుంటారో మొజిల్లా 2019లో కొలిచి చూసింది: దాదాపు 99% అభ్యర్థనలకు అనుమతి దక్కలేదు, 48% అయితే స్పష్టంగా తిరస్కారానికి గురయ్యాయి. 2020 జనవరిలో వచ్చిన 72వ వెర్షన్ నుంచి ఆ పెట్టె ఎదురుగా రాకుండా, అడ్రస్ బార్‌లో చిన్న గుర్తుగా మారింది. ఇంటర్నెట్‌లో ఎవరూ అడగకుండానే జరిగిన మంచి మార్పుల్లో ఇదొకటి. ఇదివరకే ఇచ్చేసిన అనుమతులు మాత్రం గోప్యత సెట్టింగుల్లోని నోటిఫికేషన్ల జాబితాలోకి వెళ్లి తీసేయాల్సిందే. ఆ మిగిలిన ఒక్క శాతం అక్కడే ఉంటుంది.

ప్రైవేట్ విండో మీద ఉన్న భ్రమ ఈ వైరస్ భయానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ జనం అవసరానికి మించి నమ్ముతారు. ప్రైవేట్ విండో మూసేశాక ఆ కంప్యూటర్‌లో చరిత్ర, కుకీలు మిగలవు, నిజమే. నెట్ సెంటర్లో ఫలితాలు చూసుకునే విద్యార్థికి, ఉమ్మడి కంప్యూటర్‌లో మెయిల్ తెరిచే ఉద్యోగికి అది చాలు. నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు, తెరిచిన సైటుకు మాత్రం అంతా కనిపిస్తూనే ఉంటుంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా గూగుల్ సమాచారం సేకరించిందంటూ 2020లో అమెరికాలో దావా పడింది. 2024లో రాజీకి వచ్చిన గూగుల్ వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి, ఇన్‌కాగ్నిటో హెచ్చరికను స్పష్టంగా రాయడానికి ఒప్పుకుంది. ఫైర్‌ఫాక్స్‌లో అసలు ఉపయోగపడేది వేరే: 2022 జూన్ నుంచి అందరికీ దానంతటదే పనిచేస్తున్న ‘టోటల్ కుకీ ప్రొటెక్షన్’. ఒక్కో సైటు కుకీలను ఆ సైటుకే కట్టేసి, ప్రకటనల కంపెనీ ఒకే కుకీతో పది సైట్ల వెంట పడకుండా చేస్తుంది.

తెలుగువాళ్ల ప్రశ్నల పద్దు వేరుగా ఉంటుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు దానంతటది దిగేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు వింత గుర్తుల కుప్ప కనిపించేది. ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఆ రోజుల్లో చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఈనాడు, వార్త లాంటి పత్రికల ఫాంటు సంకేతాలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపేది. అప్పట్లో తెలుగువాళ్లు ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవడానికి అదొక్కటే సరిపడా కారణం. 2017 నవంబరులో 57వ వెర్షన్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. ఆ దెబ్బకు ఎందరో ఏళ్ల శ్రమ వృథా అయింది. తెలుగు పత్రికలు అప్పటికే చాలావరకు యూనికోడ్‌కు మారిపోవడం అదృష్టం.

ఇప్పటి తెలుగు ప్రశ్నలు రెండు. మొదటిది అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని. ఇంగ్లీషుకు సరిపోయే సైజులో తెలుగు వత్తులు ఈగ కాళ్లలా కనిపిస్తాయి. సెట్టింగుల్లో ఫాంట్ల దగ్గర “అడ్వాన్స్‌డ్” నొక్కితే భాషల జాబితా వస్తుంది. అందులో తెలుగును ఎంచుకుని మండలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంటు పెట్టుకోవచ్చు, కనీస సైజు నిర్ణయించుకోవచ్చు. ఈ ఏర్పాటు తెలుగుకే వర్తిస్తుంది, ఇంగ్లీషు పేజీల రూపు చెడదు. రెండోది లింకుల గోల. తెలుగు వికీపీడియా పేజీ అడ్రస్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులు, అంకెలు కలిసిన బారెడు గొలుసు పడుతుంది. తెలుగు అన్న మాటలో గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలున్నాయి. ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి 54 గుర్తులు! అబౌట్ కోలన్ కాన్ఫిగ్ పేజీలో “డీకోడ్ యూఆర్ఎల్స్ ఆన్ కాపీ” అని ముగిసే సెట్టింగును వెతికి ట్రూ చేస్తే, ఆ తర్వాత కాపీ చేసినప్పుడు తెలుగు తెలుగుగానే వస్తుంది. అంత పనికొచ్చే సదుపాయాన్ని అంత లోతున దాచిపెట్టడం మాత్రం మొజిల్లా తప్పే.

చిట్కాల్లో చాలావరకు మరిచిపోదగ్గవి. మరవకూడనివి రెండు. పొరపాటున మూసిన ట్యాబును కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కి తిరిగి తెచ్చుకోవచ్చు. అడ్రస్ బార్‌లో శాతం గుర్తు కొట్టి ఖాళీ వదిలి మాట రాస్తే తెరిచి ఉన్న ట్యాబుల్లోనే వెతుకుతుంది. నక్షత్రం గుర్తు పెడితే బుక్‌మార్కుల్లో వెతుకుతుంది. వంద ట్యాబులు తెరిచిపెట్టే అలవాటున్నవాళ్లకు ఈ రెండోది ప్రాణదానం. నిలువు ట్యాబులు, ట్యాబ్ గుంపులు 2025లో గానీ ఫైర్‌ఫాక్స్‌కు రాలేదు. గుంపులు క్రోమ్‌లో 2020లోనే వచ్చాయి. జనం అన్నేళ్లు అడిగినా ఆలస్యం చేసినందుకు సమర్థన ఏదీ కనపడదు.

మరి ఇన్ని తలనొప్పులున్నప్పుడు దీన్నే ఎందుకు వాడాలి? 2010 ప్రాంతంలో ప్రపంచంలో నెట్ వాడేవాళ్లలో దాదాపు మూడో వంతు మంది చేతిలో ఉన్న ఫైర్‌ఫాక్స్‌కు ఇప్పుడు మిగిలింది రెండు మూడు శాతం. మూడింట రెండు వంతుల వాటా క్రోమ్‌దే. సైట్లు తయారుచేసేవాళ్లు క్రోమ్‌లో చూసి వదిలేస్తున్నారు. “ఈ సైటు ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయదు” అన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగానికి మూలం అదే. పైగా మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. 2025 సెప్టెంబరులో అమెరికా కోర్టు గూగుల్ గుత్తాధిపత్యం కేసులో ఆ చెల్లింపులను పూర్తిగా నిషేధించి ఉంటే మొజిల్లా ఉనికికే ముప్పు వచ్చేది. కోర్టు అంత దూరం పోలేదు.

అయినా ఒక తేడా గట్టిగా నిలిచింది. ఎక్స్‌టెన్షన్ల కొత్త నిబంధనల పేరుతో క్రోమ్ 2024, 2025 సంవత్సరాల్లో యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ప్రకటన నిరోధకాల అసలు రూపాన్ని ఆపేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది పూర్తి బలంతో పనిచేస్తోంది. రోజువారీ చదువుకు, వెతుకులాటకు ఫైర్‌ఫాక్స్ ఉంచుకుని, మొండికేసే ఒకటి రెండు సైట్ల కోసం క్రోమ్ జాతి బ్రౌజర్ ఇంకొకటి పక్కన పెట్టుకోవడమే ఇప్పటికి తెలివైన ఏర్పాటు.

సహాయం అడిగేవాళ్లు “పనిచేయడం లేదు” అని వదిలేయకుండా మూడు సంగతులు చెబితే సగం పని అయినట్టే: వెర్షన్ సంఖ్య, విండోసా లైనక్సా ఆండ్రాయిడా అన్నది, ట్రబుల్‌షూట్ మోడ్‌లో కూడా సమస్య ఉందా లేదా అన్నది. వెర్షన్ సంఖ్య సహాయం మెనూలో “అబౌట్ ఫైర్‌ఫాక్స్” దగ్గర కనిపిస్తుంది. ఆ సంఖ్య చూసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఎక్స్‌టెన్షన్లను ధ్రువీకరించే పాత రూట్ సర్టిఫికెట్‌కు 2025 మార్చి 14తో గడువు ముగిసింది. విండోస్ 7, 8 వాడేవాళ్లకు ఆఖరి దీర్ఘకాల మద్దతు శాఖ అయిన 115 ఈఎస్ఆర్ అయితే 115.13 గానీ ఆపై సంఖ్య గానీ, మిగతావాళ్లకు 128 గానీ ఆపై సంఖ్య గానీ కనిపించకపోతే ఈరోజే అప్‌డేట్ చేసుకోవాలి.